చివరి గదిలో ఇద్దరికి

కెప్టెన్ ఆ ఉదయం నాలుగోసారి అదే మాట అన్నాడు.

"తల వంచకయ్యా. నువ్వు వంగితే నీతోపాటు ట్రే కూడా వంగుతుంది."

పొడుగన్న సరేనని తలూపి, ట్రే ఎత్తుకుని, మళ్లీ వరండా ఆ చివరికి నడిచాడు. ట్రేలో నాలుగు సూపు గిన్నెలున్నాయి. వంటింట్లో పొయ్యి ఇంకా వెలిగించలేదు కాబట్టి వాటిల్లో అంచుల దాకా నీళ్లు పోశారు. వరండాలో అతని నడక బాగానే ఉంది. వీపు నిటారుగా, చెయ్యి కదలకుండా, ఎవరికీ వంక పెట్టడానికి లేదు. తీరా గది గుమ్మం దగ్గరికొచ్చేసరికి మెడ దానంతటదే ముందుకు వాలింది. భుజాలు ముడుచుకున్నాయి. నీళ్లు తొణికి ట్రే గుడ్డంతా తడిసిపోయింది.

గోడ వారగా నిలబడ్డ తక్కిన సర్వర్లు కిసుక్కున నవ్వారు.

అది నూటముప్పై ఏళ్ల నాటి జైలు. ఖైదీలను ఊరి బయట కట్టిన కొత్త జైలుకి మార్చాక కొన్నేళ్లు గబ్బిలాలకి వదిలేశారు. ఇప్పుడది రెస్టారెంటు. నడి ఆవరణ మీద అద్దాల కప్పు వేశారు. రెండువైపులా ఎనిమిదేసి గదులు, గదికో టేబులు. కటకటాల తలుపులు తీయకుండా వాటికి నల్లరంగు పూశారు. గుమ్మాలు మాత్రం, వచ్చేవాళ్ల నుదుళ్లు బొప్పి కట్టకుండా, జానెడు ఎత్తు పెంచారు. శనివారం ప్రారంభం. అది మంగళవారం.

పన్నెండు మంది సర్వర్లకి పెద్దగా ఉండి పని నేర్పే బాధ్యత కెప్టెన్‌ది. టేబులు అంచుకీ చెంచా కాడకీ మధ్య బొటనవేలి కణుపంత ఎడం ఉండాలంటాడు. ఎడమవైపు నుంచి వడ్డించాలి, కుడివైపు నుంచి తియ్యాలి. ముప్పై ఏళ్లలో తన చేతిమీదుగా ఒక్క చుక్క అతిథి బట్టల మీద పడలేదని అతనికి కాస్త గర్వం. అందుకే పొడుగన్న వ్యవహారం పంటికింద రాయిలా తగులుతోంది.

"గుమ్మం నీకూ చాలు, నీ నెత్తిన ఇంకో తలకాయ మొలిస్తే దానికీ చాలు. పద. పదిసార్లు తిరుగు."

ఈసారి అందరూ పగలబడి నవ్వారు. తన చమత్కారానికి కెప్టెన్ కూడా నవ్వాడు. నలభై ఏళ్ల మనిషి, చెవులు ఎర్రబడగా, నీళ్ల ట్రేతో పదిసార్లు తిరిగాడు. పదిసార్లూ గుమ్మం దగ్గర వంగాడు.

ఆ సంగతి అక్కడితో పోయేదే. కానీ మధ్యాహ్నం ఎనిమిదో గదిలో టేబులు సర్దుతుండగా, రేడియో అని అందరూ పిలిచే సర్వరమ్మాయి గోడ మీది గీతల్ని చూసి నిట్టూర్చింది. అయిదేసి గీతల కట్టలు, వాటి మీద వెలుగు పడేలా చిన్న దీపం. పోయినవారం ఒక చిత్రకారుడొచ్చి గీసిపోయిన గీతలవి. ఆ సంగతి ఆమెకి తెలియదు.

"పాపం, ఎవరో రోజులు లెక్కపెట్టుకున్నట్టున్నారు," అంది.

ట్రే తుడుస్తున్న పొడుగన్న తలెత్తకుండానే అన్నాడు. "గోడ మీద గీస్తే వీపు విమానం మోత మోగించేవాళ్లు. అయినా ఇక్కడ రోజులెవరూ లెక్కపెట్టరు. వాయిదాలు లెక్కపెట్టుకుంటారు."

"నీకెలా తెలుసన్నా?"

అతను ట్రేని అవసరమున్నదానికన్నా ఎక్కువసేపు తుడిచాడు. "ఎవరో చెప్పగా విన్నాలే."

టేబులు అవతల గ్లాసు వెలుగుకి పట్టి చూస్తున్న కెప్టెన్ చెయ్యి అలాగే ఉండిపోయింది. అతను గుమ్మం వైపు చూశాడు. పెంచిన జానెడు మేరా సున్నం కొత్తగా, మిగతా గోడకంటే తెల్లగా కనిపిస్తోంది. దాని కింద పాత గుమ్మం ఎక్కడిదాకా ఉండేదో స్పష్టంగా తెలుస్తోంది. సరిగ్గా పొడుగన్న కనుబొమల ఎత్తు.

సాయంత్రం అందరూ టీకి వెళ్లాక కెప్టెన్ వెనకవైపు అంట్లు తోమే చోటికి వెళ్లాడు. పొడుగన్న ఒక్కడే వేడినీళ్ల ఆవిరి మీద గ్లాసులు పట్టి తుడుస్తున్నాడు. కెప్టెన్ ఇంకో గుడ్డ తీసుకుని పక్కన నిలబడి తనూ తుడవడం మొదలుపెట్టాడు. నాలుగైదు గ్లాసులయ్యాక అడిగాడు.

"ఏ గది?"

పొడుగన్న ఏదో సర్దిచెప్పబోయి మానుకున్నాడు.

"కుడి వరసలో చివరిది. రెండేళ్ల నాలుగు నెలలు సార్. నేను పనిచేసే గోడౌన్లో సరుకు పోయింది. తాళం నా దగ్గరుండేది, అంతే. నేను కాదని తేల్చి కేసు కొట్టేశారు."

"మరి ఆ ముక్క ఓనరు మేడమ్‌తో చెప్పొచ్చుగా?"

"పనిలో చేరే ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్నచోట లేదని రాశాను. కోర్టు కాగితం ఇంట్లో ఉంది. కానీ కాగితం చూపించాలంటే ముందు కథ చెప్పాలి కద్సార్. కథ సగంలో ఉండగానే పని లేదు పొమ్మంటారు. ఆరుచోట్ల అలాగే అయింది."

"ఇంత ఊళ్లో నీకు ఇదే దొరికిందా?"

"ఏడోచోట దొరికింది ఇదే," అన్నాడు పొడుగన్న. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండి సార్."

"చెప్పను." కెప్టెన్ ఇంకో మాట కూడా అనాలనుకున్నాడు. పొద్దున పదిసార్లు తిప్పినందుకు, తిప్పి నవ్వినందుకు. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. బదులుగా గ్లాసు బోర్లించి అన్నాడు. "రేపట్నుంచి నీకు ట్రే వద్దు. ప్లేట్లు చేతిమీద పేర్చుకుని తీసుకెళ్లు. మనిషి వంగినా చెయ్యి వంగదు. ఎలాగో నేను చూపిస్తా."

ఆ పూట ఇంట్లో కెప్టెన్ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోతే భార్య కంచంలోకి చూసింది.

"ఉప్పు ఎక్కువైందా?"

"కాదు. ఇవాళ ఒకతన్ని చూసి నవ్వాను. ఎందుకలా చేస్తున్నాడో తర్వాత తెలిసింది."

"ఎందుకట?"

"చెప్పనని మాటిచ్చాను."

"అయితే నాకు చెప్పకండి. అతనికి చెప్పాల్సింది చెప్పారా?"

కెప్టెన్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ప్రశ్నలెప్పుడూ ఇలాగే ఉంటాయి, జవాబుతో సహా.

బుధవారం అట్టపెట్టెలొచ్చాయి. ఓనరు మేడమ్ స్వయంగా కత్తెర పట్టుకుని వాటిని విప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పనివాళ్లు రాని రోజున చీపురు పట్టి ఈ గదులన్నీ ఊడ్చింది. ఇంటి పత్రాలు సైతం తాకట్టు పెట్టి ఈ పని తలకెత్తుకుందని అందరికీ తెలుసు. పెట్టెలోంచి ఒక్కో చొక్కా తీసి సర్వర్ల ఒంటికి ఆనించి చూస్తుంటే, పిల్లలకి కొత్తబట్టలు తెచ్చినంత సంబరం ఆమె మొహంలో.

నలుపూ తెలుపూ అడ్డచారల చొక్కాలవి. ప్రతిదాని గుండె మీదా ఒక నెంబరు. వాటితోపాటు చారల టోపీలు. కెప్టెన్‌కి వేరే పెట్టె. అందులో ఖాకీ కోటు, నడుముకి వేలాడే తాళాల గుత్తి, ఒక ఈల.

"మీరు జైలరన్నమాట," అంది ఉత్సాహంగా. "వంట సిద్ధమవగానే ఈల వేస్తారు. అతిథులు వీళ్లని పేరుతో కాదు, నెంబరుతో పిలుస్తారు. ఎలా ఉంది?"

సర్వర్లు టోపీలు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. రేడియో అయితే రెండు చేతులూ ముందుకు చాపి, బేడీలు వేయమని అందర్నీ బతిమాలుతోంది. పొడుగన్నకి నూటపద్నాలుగు వచ్చింది. అతను పక్కకి వెళ్లి తొడుక్కుని వచ్చాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకోవడంతో చొక్కా ఒకవైపు పైకి లేచి ఉంది. అది సరిచేసుకోవాలని కూడా అతనికి తోచలేదు.

కెప్టెన్ కోటు మడతపెట్టి తిరిగి పెట్టెలో పెట్టాడు.

"మేడమ్, ఒక్కమాట. ఈ బట్టలు వద్దు."

"ఎందుకని?"

ఎందుకో చెప్పడానికి వీల్లేదు. తెలిసిన ఒకేఒక్క కారణాన్ని నాలుక కింద దాచుకుని వాదించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది కెప్టెన్‌కి.

"వడ్డించేవాడికి కాస్త మర్యాద ఉండాలి మేడమ్. మనిషిని నెంబరు పెట్టి పిలిస్తే..."

"సరదా అండీ! తిండి ఎక్కడైనా దొరుకుతుంది కెప్టెన్ గారూ. ఇక్కడికొచ్చినవాళ్లకి ఇంటికెళ్లి చెప్పుకోడానికి ఓ ముచ్చట కావాలి."

"సరదా ఎవరికి?"

"అందరికీ. చూడండి, వాళ్లే ఎలా నవ్వుతున్నారో."

కెప్టెన్ చూశాడు. నవ్వుతున్నారు, నిజమే. నిన్న తనూ నవ్వాడు.

"నేను మాత్రం ఈ కోటు వేసుకోను," అన్నాడు.

మేడమ్ మొహంలో సంబరం తగ్గింది. "రేపు మధ్యాహ్నం ముప్పై మందిని భోజనానికి పిలిచాను. మన పనితనం చూడ్డానికే వస్తున్నారు. అందరూ ఒక తీరున ఉండి, మీరొక్కరూ ఇంకో తీరున ఉంటే ఎలా? రేపటిదాకా ఆలోచించుకోండి. కోటు లేకపోతే కెప్టెన్‌గా ఇంకొకర్ని చూసుకోవాల్సొస్తుంది."

"పోనీ, పొడుగతన్ని బయట నీళ్ల దగ్గర వెయ్యనా?"

"అతన్నా? వద్దొద్దు. ఆ ఎత్తుకి ఫొటోల్లో బాగా పడతాడు. ఎనిమిదో గదికి వెయ్యండి."

గురువారం పొద్దున కెప్టెన్ భార్య తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది.

"పని పోతుందంటారా?"

"పోవచ్చు."

"పోతే?"

"ఇంకోచోట గ్లాసులు తుడుస్తాను. తుడవడం మర్చిపోలేదు కదా."

ఆవిడ చొక్కా ఎత్తి చూసింది. మళ్లీ బల్ల మీద పరిచింది. "ఉండండి, కాలరు ఇంకోసారి రుద్దుతాను. పంపిస్తే పంపించనీండి. నలిగిన చొక్కాతో మాత్రం బయటికి రాకూడదు."

అతిథులు ఒంటిగంటకి వచ్చారు. తెల్లచొక్కాలో నిలబడ్డ కెప్టెన్‌ని చూసి మేడమ్ పెదవులు బిగించింది గానీ, వాదించే వ్యవధి లేదు. వంట బాగా కుదిరింది. సూపు వేడివేడిగా వెళ్లింది. చొక్కాల సంగతి ఆమె అనుకున్నట్టే జరిగింది. అన్ని గదుల్లోంచీ కేకలు మొదలయ్యాయి. "ఏయ్ నూటమూడూ, ఇంకో రొట్టె!" "నూటతొమ్మిదీ, పారిపోయావా?" మొదట్లో రేడియో ప్రతి కేకకీ సెల్యూట్ కొట్టింది. గంట గడిచేసరికి చెయ్యి ఎత్తడం మానేసింది. ఒకాయన ఆమెను నెంబరుతో పిలిచి, చిటికె వేసి, కిందపడ్డ రుమాలు తియ్యమన్నాడు. ఆమె వంగి తీసిచ్చింది. నోరు మాత్రం మెదపలేదు. రేడియో నోరు మూతపడటం అందరూ చూసింది అదే మొదటిసారి.

ఎనిమిదో గదిలో నలుగురున్నారు. పసుపు చొక్కా వేసుకున్న భారీ మనిషి వాళ్లందరికీ పెద్ద. నవ్వు కూడా మనిషికి తగ్గట్టే ఉంది. పొడుగన్న నాలుగు చేపల ప్లేట్లు చేతిమీద పేర్చుకుని లోపలికి వెళ్లగానే, ఆయన లేచి కటకటాల తలుపు లాగి గడియ పెట్టాడు.

"నూటపద్నాలుగూ, దొరికిపోయావ్! ఏం నేరం చేశావో చెప్పు. చెబితేనే వదుల్తాం."

మిగతా ముగ్గురూ వీడియో తీయడానికి ఫోన్లు పైకెత్తారు.

గడియ పడ్డ చప్పుడు ఆవరణంతా వినిపించింది. కెప్టెన్ చేతిలోని నీళ్ల కూజా అక్కడే దింపి నడిచాడు. రెస్టారెంట్లో పరిగెత్తకూడదని పన్నెండు మందికీ నేర్పినవాడు పరిగెత్తినంత పనిచేశాడు. కటకటాల అవతల పొడుగన్న గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. ప్లేట్లు మాత్రం కదల్లేదు.

కెప్టెన్ గడియ తీసి తలుపు బార్లా తెరిచాడు. "ప్లేట్లు నాకియ్యి. నువ్వు బయటికెళ్లు."

పొడుగన్న కదల్లేదు. కెప్టెన్‌నీ, తెరిచిన తలుపునీ చూశాడు. ఊపిరి ఒకసారి లోపలికి తీసుకున్నాడు.

"పర్లేదు సార్. ఆయన అడిగారు కదా, చెబుతాను." అతను పసుపు చొక్కా ఆయన వైపు తిరిగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నేరమేమీ లేదండీ. లేదని కోర్టే చెప్పింది. అది తేల్చడానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ నేనిక్కడే ఉన్నాను, అదిగో, ఆ ఎదుటి వరసలో చివరి గదిలో. అప్పుడు నా నెంబరు ఇది కాదు."

తర్వాత ఎడమవైపు నుంచి ఒక్కో ప్లేటూ వడ్డించాడు. చేప తల ఒకే దిక్కుకి ఉండేలా నాలుగూ సర్దాడు. చివరి ప్లేటు పసుపు చొక్కా ఆయన ముందు పెట్టి, "చాలా వేడిగా ఉందండీ, జాగ్రత్త," అన్నాడు.

ఫోన్లు ఎప్పుడు కిందికి దిగాయో ఎవరూ చూడలేదు. పక్క గదుల్లో కేకలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ పూట ఎవరూ ఎవరినీ నెంబరుతో పిలవలేదు. "ఇదిగో బాబూ," "అమ్మా, కొంచెం నీళ్లు," అన్నారు. పసుపు చొక్కా ఆయన ప్లేటులోంచి తలెత్తకుండా తిని వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక మేడమ్ ఇద్దర్నీ ఆఫీసుగదికి పిలిచింది. చాలాసేపు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరిపింది.

"ఫారంలో అబద్ధం రాశారు," అంది చివరికి.

"రాశానండీ."

"నాకు ముందే చెప్పాల్సింది."

"చెబితే ఇచ్చేవారా మేడమ్, పని?"

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవేనని కెప్టెన్‌కి అనిపించింది. కానీ అంతలోనే ఆమె ముందుకి వంగి, మరో గొంతుతో మొదలుపెట్టింది.

"నేనూ అక్కడే ఉన్నాను. మీరు మాట్లాడుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఇలాంటిది ఏ రెస్టారెంటులోనూ ఉండదు. మీరు వడ్డించక్కర్లేదు. ప్రతి టేబులు దగ్గరికీ వెళ్లి ఆ నాలుగు మాటలే చెప్పండి. జీతం పెంచుతాను."

కెప్టెన్ నోరు తెరవబోయాడు. పొడుగన్న అతని ముంజేతి మీద మెల్లిగా చెయ్యేసి ఆపాడు.

"మేడమ్, ఆ నాలుగు మాటలు బయటికి రావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. పూటకి పదహారుసార్లు చెప్పడం నా వల్ల కాదు. నేను సర్వర్ని. వడ్డిస్తాను. అది వద్దంటే వెళ్తాను."

"అతను వెళ్తే నేనూ వెళ్తాను," అన్నాడు కెప్టెన్. "ఇంకో సంగతి. మంగళవారం ఇతన్ని ట్రేతో పదిసార్లు తిప్పి, పదిమందిలో నవ్వాను. తప్పు నాది." అని పొడుగన్న వైపు తిరిగాడు. "క్షమించు." రెండు రోజులుగా గొంతులో కూర్చున్న మాట అంత చిన్నదా అని అతనికే ఆశ్చర్యమేసింది.

అప్పుడే రేడియో తలుపు తోసుకుని వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి.

"మేడమ్, చిన్న పొరపాటైంది. కొత్తబట్టలు తడపకుండా కట్టుకోకూడదంటుంది మా అమ్మ. అందుకని పదకొండు చొక్కాలూ పెద్ద గిన్నెలో వేసి మరిగే నీళ్లు పోశాం. రంగు దిగిపోయింది. చారలేవో చొక్కా ఏదో తెలీడం లేదు."

"పదకొండూనా?"

"పన్నెండోది అన్న ఒంటిమీదుంది. ఇస్తే అదీ తడిపేస్తాం."

మేడమ్ ఆ నల్లటి వేళ్లను చూసింది. ఎల్లుండి ప్రారంభం. ఇప్పటికిప్పుడు పన్నెండు చొక్కాలు కుట్టేవాళ్లూ లేరు, పన్నెండు మంది సర్వర్లూ దొరకరు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. కోపం వస్తుందేమోనని ముగ్గురూ చూశారు. వచ్చింది అలసట.

"మీ అందరికీ తెల్లచొక్కాలున్నాయా?" అని అడిగింది.

"నాకు రెండున్నాయి మేడమ్!" అంది రేడియో.

అమ్మాయి పరుగున వెళ్లిపోయాక మేడమ్ పొడుగన్నతో అంది. "జీతం పెంచుతానంటే వద్దన్నారు, కథ చెప్పనన్నారు. పోనీ, మీకేం కావాలో చెప్పండి."

పొడుగన్న తలుపులోంచి ఆవరణ అవతలి వైపు చూశాడు.

"శనివారం మధ్యాహ్నం ఒక టేబులు కావాలండీ. కుడి వరస చివరి గదిలో. ఇద్దరికి. బిల్లు నేనే కడతాను."

శనివారం ఆవరణలో పూలకుండీలు పెట్టారు. బయట బోర్డు మీద జైలు పేరు అలాగే ఉంది. ఖాకీ కోటు వాకిట్లో ఒక కొయ్యకి తగిలించి ఉంది, సరదా పడినవాళ్లు తొడుక్కుని ఫొటో దిగడానికి. అంతవరకు కెప్టెన్ సర్దుకున్నాడు. సర్వర్లు మాత్రం తెల్లచొక్కాల్లో బారుగా నిలబడ్డారు. రేడియో చొక్కా కాస్త పొట్టిదైంది, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండున్నరకి పొడుగన్న మామూలు బట్టల్లో వచ్చాడు. అతని పక్కన భుజం దాకా కూడా రాని భార్య. ఉన్నవాటిలో మంచివి కట్టుకున్నట్టుంది. చేతిసంచీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నడుస్తోంది. కెప్టెన్ ఎదురెళ్లి నమస్కారం పెట్టి, తనే ముందు నడిచి దారి చూపించాడు. చివరి గది దగ్గర ఆవిడ ఆగిపోయింది. గోడ నుంచి గోడకి చూపుతో కొలిచింది.

"ఇంత చిన్నదా?"

"అప్పుడు ఇందులో ఆరుగురం," అన్నాడు పొడుగన్న.

"విశాలంగా ఉంది, గాలి బాగా వస్తుంది అనేవారు, నేను చూడ్డానికొస్తే, ఇనుప జాలీ అవతల నిలబడి."

"ఏడుస్తావని."

"ఏడవలేదనుకున్నారా?" అంటూ ఆవిడ లోపలికి అడుగుపెట్టింది.

కెప్టెన్ కుర్చీ జరిపి ఆవిణ్ని కూర్చోబెట్టాడు. రుమాలు విప్పి ఇచ్చాడు. సూపు తనే తెచ్చి, ఎడమవైపు నుంచి ముందు ఆవిడకీ, తర్వాత అతనికీ పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొడుగన్న రొట్టెల బుట్ట అందుకుని లేవబోయాడు.

"కూర్చోండి సార్," అన్నాడు కెప్టెన్. "ఇవాళ ఆ పని నాది."

మేడమ్ నీళ్ల కూజాతో గుమ్మం దగ్గరికొచ్చింది. ఇద్దరి గ్లాసుల్లోనూ నీళ్లు పోసింది. తప్పువైపు నుంచి పోసింది. కెప్టెన్ సరిదిద్దలేదు. ఆమె వెళ్లిపోయింది.

ఆవిడ చెంచా పట్టుకుంది గానీ తినలేదు. గుమ్మం బయటికి ఓసారి చూసి, సంచీ ఒళ్లోకి దగ్గరగా లాక్కుని, కెప్టెన్‌ని చిన్నగా అడిగింది.

"ఎంతసేపు కూర్చోవచ్చండీ? అప్పుడు పావుగంటే ఇచ్చేవారు."

కెప్టెన్ చేతిలోని గుడ్డ మడిచి ముంజేతి మీద వేసుకున్నాడు.

"మీ ఇష్టం అమ్మా," అన్నాడు. "మీరు లేచేదాకా."

ఆవిడ భర్త వైపు చూసింది. సంచీ తీసి కింద, కుర్చీ పక్కన పెట్టింది.